మీరు వినండి, వాళ్ళే చెబుతారు

స్కూళ్ళలో సైన్సు పోటీల రోజులొచ్చాయంటే చాలు, ఇంట్లో మనకీ పని పెరుగుతుంది. హాల్లో కాలు పెట్టడానికి చోటుండదు. ఎక్కడ చూసినా చార్టులూ, స్కెచ్ పెన్నులూ, జిగురు సీసాలూ! "అమ్మా, ఎల్లుండే మా ప్రెజెంటేషను, కాస్త సాయం చెయ్యవూ" అని పిల్లలు కొంగు పట్టుకుంటే, "నాకేం తెలుసే తల్లీ, నేను చదివింది ఇంటరు, మీ నాన్నగారిని అడుగు" అని తప్పుకునే తల్లులే ఎక్కువ.

ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. పిల్లల పరిశోధన గురించి మనకి తెలియకపోవడమే మనకున్న అర్హత. తెలిసినవాళ్ళు సగం విని, మిగతా సగం తామే పూరించుకుంటారు. తెలియనివాళ్ళు అలా కాదు, అర్థం కాని చోట ఆపి అడుగుతారు. అలా అడిగే మనిషే పిల్లలకి కావాలి. అంతేగాని వాళ్ళ తరఫున రాసిపెట్టే మనిషి కాదు.

బాలల సైన్స్ కాంగ్రెస్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1993లో జాతీయ స్థాయిలో మొదలైంది. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు తమ చుట్టుపక్కల ఉన్న సమస్య ఒకటి తీసుకుని, తామే పరిశీలించి, తాము కనుక్కున్నది జడ్జీల ముందు చెప్పాలి. తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మాయి, దాని స్నేహితురాలు కలిసి దీనికోసం మా వీధిలో కారే కుళాయిల మీద ప్రాజెక్టు చేశారు. అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ముందు ఒక్క ప్రశ్న

"మీ ప్రాజెక్టు దేని గురించి?" అంటే పిల్లలు "నీటి పొదుపు గురించి" అంటారు. అది ప్రశ్న కాదు, గోడ మీద నినాదం. "మా వీధిలో కారే కుళాయిల వల్ల రోజుకి ఎన్ని లీటర్ల నీళ్ళు పోతున్నాయి?" అంటే అది ప్రశ్న. దానికి కొలిచి జవాబు చెప్పవచ్చు. మీ పిల్లలు తమ ప్రశ్నని ఒక్క వాక్యంలో చెప్పగలిగేదాకా చార్టు కొనడానికి డబ్బులివ్వకండి!

ఇక కొలవడం. దానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. కుళాయి కింద గ్లాసు పెట్టి సరిగ్గా 10 నిమిషాలు ఉంచారు. దగ్గు మందు సీసాతో వచ్చే కొలత మూతతో ఆ నీళ్ళు కొలిచారు. రోజుకి 10 నిమిషాలు 144 సార్లు వస్తాయి కాబట్టి 144తో గుణించారు. 10 నిమిషాలకి 30 మిల్లీ లీటర్లు కారితే రోజుకి 4 లీటర్ల 320 మిల్లీ లీటర్లు అన్నమాట. సెకనుకి ఒక్కో బొట్టు పడే కుళాయి లెక్క దాదాపు ఇంతే. బొట్టే కదా అనుకుంటాం, చూశారా!

20 ఇళ్ళు తిరిగితే 7 ఇళ్ళలో కుళాయి కారుతోంది. ఏడూ కలిపి రోజుకి 31 లీటర్లు. అంటే రెండు బిందెల నీళ్ళు.

తేడాగా ఉన్న అంకెని దాచకూడదు

ఇక్కడే మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఆ 31 లీటర్లలో 14 లీటర్లు ఒక్క ఇంట్లోనే పోతున్నాయి. మిగతా ఆరూ కలిపి 17. మావారు "ఆ ఒక్కటీ తీసెయ్యండమ్మా, లెక్క చక్కగా కనిపిస్తుంది, లేకపోతే జడ్జీలు దానిమీదే గుచ్చి గుచ్చి అడుగుతారు" అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. మా అమ్మాయి మాత్రం "తీసేస్తే అది మేం చూసింది కాదు కదా నాన్నా" అంది. మర్నాడు ఇద్దరూ ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళి ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ దాదాపు అంతే వచ్చింది.

అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ ఇంట్లో ఉండేది ఒంటరి మామ్మగారు. కుళాయిలో వాషరు అరిగిపోయిందని ఆవిడకీ తెలుసు. పిలిచినప్పుడు ప్లంబరు రాడు, వచ్చినవాడు చిన్న పనికి చెయ్యి పెట్టడు. ఇల్లిల్లూ తిరిగినా నీళ్ళ గురించి తప్ప ఇంకేమీ అడగని పిల్లలకి, నీళ్ళు ఎందుకు పోతున్నాయో అక్కడ తెలిసింది. సగటు తీసి "ఇంటికి 4.4 లీటర్లు" అని రాసుంటే ఈ సంగతి అందులో మునిగిపోయేది. అందుకని సగటు ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, ఏడిళ్ళ అంకెలూ విడివిడిగా చూపించారు.

చార్టు గోడకి తగిలించి చూడండి

వీళ్ళకి నాలుగు చార్టులు పెట్టుకోవచ్చన్నారు. ఒకటి ప్రశ్న, రెండోది కొలిచిన పద్ధతి, మూడోది అంకెలు, నాలుగోది తేలిన విషయం. చార్టు రాయగానే గోడకి తగిలించి, పది అడుగులు వెనక్కి వచ్చి చదవండి. కళ్ళు చికిలించాల్సి వస్తే అక్షరాలు చిన్నవైనట్టే. శీర్షికలు అంగుళం ఎత్తుకి తగ్గకుండా ఉంటే మంచిది. తెల్ల చార్టు మీద నలుపు, ముదురు నీలం బాగా కనిపిస్తాయి. పసుపు పచ్చ స్కెచ్‌తో రాస్తే దగ్గరికొచ్చినా కనిపించదు. చమ్కీలూ, పూల అంచులూ పుట్టినరోజు కార్డుకి దాచుకోండి.

ప్రతి అంకె పక్కనా అది లీటర్లో, మిల్లీ లీటర్లో, రోజుకో, గంటకో రాసుండాలి. ఏడిళ్ళ అంకెలకి ఏడు నిలువు పట్టీలతో బార్ గ్రాఫ్ గీస్తే చాలు, పొడవాటి పట్టీ ఏదో చూడగానే తెలిసిపోతుంది. కాలేజీ పిల్లలు కంప్యూటర్లో స్లైడ్లు చేసుకున్నా సూత్రం ఇదే. ఒక స్లైడుకి ఒకే సంగతి. దాని మీద రాసిందే చూసి చదివితే వినేవాళ్ళకి నిద్ర వస్తుంది.

8 నిమిషాలు, గడియారం మీ చేతిలో

చెప్పడానికి 8 నిమిషాలు, ఆ తరవాత ప్రశ్నలకి 2 నిమిషాలు ఇచ్చారు. ఆ 8 నిమిషాలనీ ఇలా పంచుకున్నారు: ప్రశ్న ఎందుకు వచ్చిందో 1 నిమిషం, ఎలా కొలిచారో 2, ఏం తేలిందో 3, దాని అర్థం 1, ఏం చెయ్యవచ్చో 1. చాలామంది పిల్లలు "భూమి మీద మూడొంతులు నీరే" అని మొదలుపెట్టి సగం సమయం అక్కడే పోగొట్టుకుంటారు. భూగోళం చుట్టి రానక్కర్లేదు, మన వీధిలోంచే మొదలుపెట్టవచ్చు.

బట్టీ మాత్రం పట్టనివ్వకండి. ఒక్క మాట మరిచిపోతే బండి అక్కడే ఆగిపోతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం నోటికి వస్తే చాలు. మిగతాదానికి చిన్న చీటీ మీద నాలుగు మాటలు రాసుకోమనండి. మీరు కూరగాయలు తరుగుతూనే వినండి. అర్థం కాని చోట "అదేంటి?" అని ఆపండి. వాళ్ళు విసుక్కుంటారు, ఫరవాలేదు. నేను "144 ఎక్కణ్ణుంచి వచ్చిందే?" అని మూడుసార్లు అడిగాకే దాన్ని చార్టు మీద వివరంగా రాశారు.

"మావాడికి మాట్లాడటం రాదండీ" అని ముందే అనేయకండి. విద్యుత్తు మీద అన్ని విషయాలు కనిపెట్టిన మైకేల్ ఫారడే పుస్తకాలు బైండు చేసే షాపులో పనినేర్చుకున్న కుర్రాడు. ఉపన్యాసం ఇవ్వడం కూడా పాఠాలు చెప్పించుకుని నేర్చుకున్నాడు. లండన్లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్లో 1825లో క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. చిన్నవాళ్ళ కోసం పెట్టిన ఆ ఉపన్యాసాలని తరవాత ఆయనే 19 సార్లు ఇచ్చాడు. మాట్లాడటం కూడా వంటలాంటిదే, చెయ్యగా చెయ్యగా వస్తుంది.

"అది మేం కొలవలేదండీ"

పిల్లలు ఎక్కువగా భయపడేది ప్రశ్నలకి. ముందురోజు మీరే ఈ నాలుగూ అడగండి. ఎందుకు ఈ ప్రశ్న తీసుకున్నారు? ఎలా కొలిచారు? ఎన్నిసార్లు కొలిచారు? వేరేగా చేస్తే ఏమయ్యేది? తాము చేసిన పని అయితే జవాబు దానంతటదే వస్తుంది. డబ్బులిచ్చి చేయించుకున్న ప్రాజెక్టు అయితే చార్టు ఎంత మెరిసినా రెండో ప్రశ్నకే గొంతు ఎండిపోతుంది. పాపం, తప్పు పిల్లలది కాదు, నిలబడాల్సింది మాత్రం వాళ్ళే.

మా వాళ్ళని జిల్లా పోటీలో ఒక జడ్జిగారు మావారు అన్నట్టే "ఆ ఒక్క ఇల్లేమిటి అలా ఉంది?" అని అడిగారు. మా అమ్మాయి మూడుసార్లు కొలిచిన సంగతి డైరీ తీసి చూపించి, మామ్మగారి సంగతి చెప్పింది. "వేసవిలో కూడా ఇంతే కారుతుందా?" అన్నారాయన. "అది మేం కొలవలేదండీ, సెప్టెంబరులో మాత్రమే చూశాం" అంది. ఆయన తల పంకించి ఏదో రాసుకున్నారు. తెలియనిది తెలియదని చెప్పడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇంట్లో మన ముందే అలవాటు కావాలి.

వాళ్ళకి బహుమతి రాలేదు, జిల్లాతోనే ఆగిపోయారు. రెండ్రోజులు మా అమ్మాయి ముఖం ముడుచుకుని తిరిగింది కూడా. కానీ మామ్మగారి కుళాయికి కొత్త వాషరు పడింది. మావారే దగ్గరుండి ప్లంబరుతో వేయించారు. కొలవకుండా ఉంటే, ఆ ఒక్క అంకె తీసేసి ఉంటే, ఆ పని జరిగేదా?

ఈసారి మీ పిల్లలు చార్టు పట్టుకొస్తే "నాకేం తెలుసు" అనకండి. చేతిలో పని చేతిలో ఉండగానే "ఏదీ, నాకు అర్థమయ్యేలా చెప్పు చూద్దాం" అనండి. పోటీకి ముందురోజు రాత్రి తొందరగా పడుకోబెట్టండి. పొద్దున్నే ఇంత తేలిగ్గా ఏదన్నా పెట్టి, ఓ మంచినీళ్ళ సీసా ఇచ్చి పంపండి. మిగతాది వాళ్ళే చెప్పుకుంటారు.

మీ ఇళ్ళలో పిల్లలు ఏమేం కొలిచారో, ఏం కనుక్కున్నారో నాకు ఉత్తరం రాయండి, ఏం?