గడియారం సరే, ఊరేదీ?

పోయిన వేసవిలో మా అమ్మాయి డాలస్ నుంచి వస్తూ తన పాత లాప్‌టాప్ తెచ్చి నాకిచ్చి వెళ్లింది. దాంట్లో గడియారం పదిన్నర గంటలు వెనక ఉంది. "ఓస్, ఇంతేగా!" అనుకుని గోడ గడియారం చూసి టైము మార్చేశాను. అక్కడే వచ్చింది చిక్కు.

నెల తిరక్కుండా మనవడి అన్నప్రాశన. శనివారం వీడియోలో చూడమని అమ్మాయి కబురు పంపింది. కంప్యూటర్ కేలండర్లో ఉదయం 10 అని పడింది. నేనూ మావారూ ముస్తాబై సరిగ్గా పదింటికి కూర్చుంటే ఎవరూ లేరు. అక్కడ అర్ధరాత్రి కావస్తోంది మరి! వాయిదా పడిందేమో అనుకుని, రాత్రి ఫోను ఇంట్లోనే వదిలేసి గుడిలో హరికథకి వెళ్లాం. వచ్చేసరికి వేడుక అయిపోయింది. "ఎన్నిసార్లు ఫోన్ చేశానో అమ్మా" అని అది ఏడుపొక్కటే తక్కువ.

"టైము మార్చారు గానీ ఆంటీ, ఊరు మార్చలేదు" అన్నాడు పక్కింటి అబ్బాయి. ఊరు మారితే పంచాంగం మారినట్టే, కంప్యూటర్‌కీ తానెక్కడుందో చెప్పాలిట. అదే టైమ్ జోన్. లేకపోతే కబుర్లన్నీ డాలస్ లెక్కలోనే చూపిస్తుంది.

అది తెలుసుకోవడం పోపు వేసినంత సేపు కూడా పట్టదు. మీ కంప్యూటర్లో విండోస్ ఉంటే ఇలా చేయండి:

● స్టార్ట్ నొక్కి సి, ఎం, డి అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. నల్లటి కిటికీ వస్తుంది. భయపడకండి.

● టి, జెడ్, యు, టి, ఐ, ఎల్ కలిపి కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ప్రశ్నార్థకం మీటపై ఉండే ఏటవాలు గీత, దాని పక్కనే జి కొట్టి ఎంటర్ నొక్కండి.

● 'ఇండియా స్టాండర్డ్ టైమ్' అని వస్తే సరే. నాకు 'సెంట్రల్ స్టాండర్డ్ టైమ్' అని వచ్చింది!

● మార్చాలంటే అదే మాట కొట్టి, జి బదులు ఎస్ పెట్టి, ఖాళీ వదిలి, ఇండియా స్టాండర్డ్ టైమ్ అని ఇంగ్లీషులో జంట కొటేషన్ల మధ్య రాయండి.

● తర్వాత సెట్టింగ్స్‌లో టైము దానంతటదే సరిచేసుకునేలా పెట్టండి. చేత్తో తిప్పకండి.

మరో మాట. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డాలస్ మనకి పదిన్నర గంటలు వెనక. మిగతా రోజుల్లో పదకొండున్నర. ఈ ముక్క వంటింటి కేలండర్ మీద రాసి పెట్టుకున్నాను. మనవడి పుట్టినరోజు మాత్రం తప్పిపోనివ్వను!