పేరెక్కని పిల్లలు, పోస్టు లేని టీచర్లు

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,

విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కనుక ఈ ఉత్తరం నేరుగా మీకే రాస్తున్నాను. నేను స్పెషల్ బీఎడ్ చదివాను. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పడం నా సబ్జెక్టు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) రిజిస్టర్‌లో నా పేరుంది, ఆ నమోదుకు ఇచ్చే సీఆర్ఆర్ నంబరుంది. ఉద్యోగమే లేదు. నాతో చదువుకున్నవాళ్లలో చాలామంది పరిస్థితీ ఇదే. మొదటి ఉద్యోగం కోసం తిరుగుతున్నప్పుడు నాకు అర్థమైన సంగతి ఒకటుంది. మాకు పోస్టులు రాకపోవడానికీ, మా అవసరం ఉన్న పిల్లలకు సాయం అందకపోవడానికీ మూలం ఒకటే: ఆ పిల్లల్లో చాలామంది బడి లెక్కల్లో లేరు. ఆ లెక్క సరిచేసే పని మాకే అప్పగించమని అడగడానికి ఈ ఉత్తరం.

ముందు మా ఉద్యోగాల సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో కొత్తవాళ్లకు తొందరగా దొరికేది షాడో టీచర్ పని. ప్రైవేటు స్కూల్లో ఒక పిల్లాడి పక్కన రోజంతా కూర్చోవాలి. జీతం స్కూలు ఇవ్వదు, పిల్లాడి తల్లిదండ్రులు ఇస్తారు. వేసవి సెలవుల్లో జీతం ఉండదు. పిల్లాడు స్కూలు మారితే పని పోయినట్టే. ఒక ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ మేడం నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న: "క్లాసుకు డిస్టర్బెన్స్ లేకుండా కూర్చోబెట్టగలవా?" ఆ పిల్లాడు ఈ ఏడాది ఏం నేర్చుకోవాలన్న మాట ఆ గదిలో రానేలేదు. ఇక థెరపీ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులిస్తారు. పిల్లాడు జ్వరమొచ్చి రాకపోతే ఆ గంట మన ఖాతాలో పడదు. కాస్త నెల జీతం ఇచ్చే చోట్లన్నీ అనుభవం అడుగుతాయి.

అనుభవం అడగడం అన్యాయమని నేననను. ఈ పనికి అది అవసరమే. వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అంటే మేం ఐఈపీ అనేది, ఎలా రాయాలో బీఎడ్‌లో నేర్పారు. చేతులు కడుక్కోవడం లాంటి పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టూ ఎలా అలవాటు చేయాలో నేర్పారు. కానీ క్లాసు మధ్యలో ఒక పాపకు ఫిట్స్ వస్తే ఆ పాపను చూసుకుంటూనే మిగతా పిల్లల్ని ఎలా సముదాయించాలి? "మావోడు ఎన్నడు అందరి లెక్క అయితడు మేడం?" అని తల్లి అడిగితే ఆశ చంపకుండా, అబద్ధం చెప్పకుండా ఏం జవాబివ్వాలి? ఇవి అనుభవమున్న టీచర్ పక్కన నిలబడి చూస్తేనే వస్తాయి. అలా పక్కన నిలబడి పనిచేసే మొదటి ఏడాదే మాకు దొరకడం లేదు.

ఉద్యోగం లేకపోయినా రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవాలి. దాన్ని ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలంటే సీఆర్ఈ అనే నిరంతర పునరావాస విద్యా శిక్షణలకు హాజరై పాయింట్లు కూడబెట్టాలి. ఫీజులు మావే. చట్టం మా విషయంలో ఎంత కచ్చితంగా ఉందో చూడండి. 1992 ఆర్‌సీఐ చట్టం సెక్షన్ 13 ప్రకారం రిజిస్టరైనవాళ్లే ఈ పని చేయాలి. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. ఈ పనిని అర్హత లేనివాళ్లు చేయకూడదని అంత గట్టిగా చెప్పిన దేశంలో, అర్హత ఉన్నవాళ్లు ఎక్కడ చేయాలో చెప్పేవాళ్లు లేరు.

మీ ప్రభుత్వం ఏమీ చేయలేదని రాస్తే అబద్ధమవుతుంది. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు ప్రకటించారు. అందులో ప్రత్యేక విద్యకు స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796 ఉన్నాయి. ఆ 1,016 పోస్టుల ప్రకటన చూసి మాలో ఎంతోమంది మళ్లీ పుస్తకాలు పట్టారు. అయితే రాష్ట్రంలో ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులు సుమారు 26 వేలు. ప్రకటించిన పోస్టులన్నీ నిండినా ఒక్కొక్కరికి పాతిక బడులు. పొరుగున ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. రెండు రాష్ట్రాలూ ఇప్పుడు కదలడానికి వెనక సుప్రీంకోర్టు ఒత్తిడి కూడా ఉందని మీకు తెలుసు. ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకాలపై రజనీష్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న ఇచ్చిన తీర్పు తర్వాత కేంద్రం 2022లో నిష్పత్తి ఖరారు చేసింది: ప్రాథమిక తరగతుల్లో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, ఆపైన 15 మందికి ఒకరు. 2025 మార్చి 7న కోర్టు మళ్లీ కల్పించుకుని, మంజూరైన పోస్టుల సంఖ్యను మూడు వారాల్లో ప్రకటించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

ఇబ్బంది ఆ నిష్పత్తి దగ్గరే మొదలవుతుంది. పది మందికి ఒకరు అన్నప్పుడు ఆ పది మందిని లెక్కపెట్టేదెవరు? బడుల వివరాల జాతీయ నమోదు వ్యవస్థ యూడైస్‌కు వివరాలు ఇచ్చేటప్పుడు హెడ్మాస్టరో, క్లాసు టీచరో నింపుతారు. చక్రాల కుర్చీ కనపడుతుంది, చెవి మిషను కనపడుతుంది, చూపు లేకపోవడం తెలుస్తుంది. వాళ్ల పేర్లు ఎక్కుతాయి. ఆరో తరగతికి వచ్చినా ఒత్తులు పలకలేక, రాయలేక, "అమ్మ"ను "అమ" అని రాసే పిల్లాడి పేరు ఎక్కదు. నోటితో లెక్క చెప్పగలిగి కాగితం మీద తప్పే పాప పేరు ఎక్కదు. కాస్త వినికిడి తగ్గి, వెనక బెంచీలో సగం మాటలే వినే పిల్లాడి పేరు ఎక్కదు. బడిలో వాళ్లకు వేరే పేర్లున్నాయి: మొద్దు, అల్లరోడు, బద్ధకస్తురాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 1995 చట్టంలోని ఏడు వైకల్యాలను 21కి పెంచింది. నిర్దిష్ట అభ్యసన వైకల్యం, ఆటిజం ఆ 21లో ఉన్నాయి. చట్టం పుస్తకంలోకి ఎక్కిన ఈ పిల్లలు బడి రిజిస్టర్‌లోకి ఎక్కలేదు.

ఒక ఊహా లెక్క వేసి చూడండి. ఒక స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని ప్రాథమిక బడులన్నిట్లో కలిపి ఆరుగురి పేర్లే రిజిస్టర్‌లో ఉన్నాయనుకుందాం. నిష్పత్తి ప్రకారం అక్కడ ఒక పూర్తి పోస్టు కూడా లేవదు. తెలిసినవాళ్లు కూర్చుని పరీక్షించి చూస్తే అదే కాంప్లెక్స్‌లో ఇరవై మంది తేలితే? రెండు పోస్టులు అవసరమని అదే నిష్పత్తి చెబుతుంది. పిల్లలు తేలాలంటే టీచరుండాలి, టీచరు రావాలంటే పిల్లలు తేలాలి. బావి తవ్వకముందే ఇక్కడ నీళ్లు లేవని రాసేసుకున్నట్టుంది వ్యవహారం.

గుర్తించే పనికి పనిముట్లు లేకపోలేదు. ఎన్‌సీఈఆర్‌టీ ప్రశస్త్ పేరుతో ఒక చెక్‌లిస్టు, యాప్ తయారు చేసింది. మొదటి భాగాన్ని క్లాసు టీచరు నింపాలి. రెండో దశలో ప్రత్యేక ఉపాధ్యాయుల్లాంటివాళ్లు ఆ పిల్లల్ని మళ్లీ పరిశీలించి చూడాలి. ఆ తర్వాతే వైద్య పరీక్షలు, సర్టిఫికెట్టు. ప్రత్యేక ఉపాధ్యాయులే లేని చోట ఆ రెండో దశ ఎలా సాగుతుందో మీరే ఊహించగలరు.

ఇప్పుడు ఆ భారమంతా మోస్తున్నది సమగ్ర శిక్షలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న ఐఈఆర్పీలు, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం బాధ్యత వాళ్లదే. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చెప్పాల్సిందీ వాళ్లే. ఉపకరణాల శిబిరాలకు పిల్లల్ని కూడగట్టేదీ, సర్టిఫికెట్ల కోసం తల్లిదండ్రుల్ని వెంటబెట్టుకుని జిల్లా ఆసుపత్రికి తిరిగేదీ వాళ్లే. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు రెగ్యులరైజేషన్ కోసం సమ్మెకు దిగినప్పుడు వాళ్ల గోడు మీదాకా వచ్చింది. ఏళ్ల తరబడి పనిచేస్తున్న కాంట్రాక్టు ప్రత్యేక టీచర్లను స్క్రీనింగ్ కమిటీ ద్వారా పరిశీలించాలని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ పని ముందు పూర్తి చేయండి. కొత్తవాళ్లమైన మాకు దారి వాళ్ల పొట్ట మీదుగా వద్దు. వాళ్లే మాకు గురువులు కావాలి.

అందుకే నేను అడిగేది ఒక్క పథకం. స్పెషల్ బీఎడ్, స్పెషల్ డీఎడ్ పూర్తిచేసి సీఆర్ఆర్ నంబరు పొందినవాళ్లకు ఏడాది పాటు ప్రభుత్వ బడుల్లో స్టైపెండ్‌తో కూడిన పని ఇవ్వండి. ఎంబీబీఎస్ చదివినవాళ్లు హౌస్ సర్జన్లుగా సీనియర్ల కింద ఏడాది పనిచేసినట్టే మేమూ భవిత కేంద్రంలోని ఐఈఆర్పీ కింద పనిచేస్తాం. ఒక్కొక్కరికి ఒక స్కూల్ కాంప్లెక్స్ అప్పగించండి. మొదటి మూడు నెలలు ప్రతి బడికీ వెళ్లి, క్లాసు టీచర్లతో కూర్చుని పిల్లల్ని గుర్తించి, రెండో దశ పరిశీలన పూర్తి చేస్తాం. తర్వాత ఆ పిల్లల్ని వైద్య పరీక్షలకు పంపి, ఒక్కొక్కరికీ ఐఈపీ రాసి, మిగిలిన నెలలు దాన్ని అమలు చేస్తాం. సీనియర్ ప్రతి వారం మా పని చూసి తప్పులు దిద్దాలి. ఏడాది చివర మాకు అనుభవ ధ్రువపత్రం ఇవ్వండి. ప్రభుత్వానికి ఊరూరా తేలిన లెక్క అందుతుంది.

దీనికి తోడుగా మూడు చిన్న విషయాలు. ఒకటి, అలా తేలిన లెక్కను బట్టి ప్రతి ఏటా మండలాల వారీగా ప్రత్యేక ఉపాధ్యాయ ఖాళీలు ప్రకటించండి. తేదీ తెలిస్తే ఆ మేరకు చదువుకుంటాం, ఏ ఊళ్లో ఉండాలో నిర్ణయించుకుంటాం. రెండు, ఈ ఏడాది సేవకు డీఎస్సీలో ఎంత వెయిటేజీ ఇస్తారో, ఐఈఆర్పీల దీర్ఘకాల సేవకు ఎంత ఇస్తారో ముందే చెప్పండి. మూడు, ప్రత్యేక అవసరాల పిల్లల్ని చేర్చుకున్న ప్రైవేటు స్కూళ్లు రిజిస్టరైన టీచర్‌ను తామే నియమించుకుని, తామే జీతమివ్వాలని గుర్తింపు నిబంధనల్లో పెట్టండి. ఇప్పటికే థెరపీలకు, మందులకు ఖర్చుపెట్టే తల్లిదండ్రుల మీద టీచర్ జీతం కూడా మోపడం న్యాయం కాదు.

ఖర్చు మాటేమిటని ఆర్థికశాఖ అడుగుతుంది. అడగాలి కూడా. శాశ్వత పోస్టులు ఒక్కసారే మంజూరు చేయమని నేను అడగడం లేదు. ముందు లెక్క తేల్చడానికి కావలసిన స్టైపెండ్ అడుగుతున్నాను. లెక్క తేలాక ఎన్ని పోస్టులు కావాలో మీ అధికారులే నిష్పత్తి వేసి చెప్పగలరు. కోర్టుకు ఇచ్చే అఫిడవిట్‌లోనూ ఆ సంఖ్య నిలబడుతుంది. మనుషుల కొరతా లేదు. మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. అక్కడా, రాష్ట్రంలోని ఇతర కళాశాలల్లోనూ చదువుకున్నవాళ్లం సిద్ధంగా ఉన్నాం. మాలో చాలామందిమి ఇప్పుడు ట్యూషన్లు చెబుతున్నాం, కాల్ సెంటర్లలో పనిచేస్తున్నాం, కొందరు ఈ వృత్తే మానుకున్నారు.

రాష్ట్రమంతా ఒకేసారి సాధ్యం కాకపోతే వచ్చే విద్యా సంవత్సరం ఒక్క జిల్లాలో మొదలుపెట్టండి. బడులు తెరిచిన వారంలో మమ్మల్ని పంపండి. యూడైస్ వివరాలు నింపే నాటికి ఆ జిల్లాలో ప్రత్యేక అవసరాల పిల్లలు కిందటి ఏడాది ఎందరు, ఇప్పుడు ఎందరు అని రెండు అంకెలు మీ బల్ల మీద పెడతాం. ఆ తేడా ఎంతో చూశాకే పోస్టుల సంగతి నిర్ణయించండి.

భవదీయురాలు,
ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు,
ఖమ్మం జిల్లా