డెబ్బై అయిదు దాటాక ఎక్కిన కుర్చీ

1956 డిసెంబరు 4న ఆంధ్రప్రదేశ్ శాసనసభ తన మొదటి స్పీకరును ఎన్నుకుంది. బెజవాడ మనిషి అయ్యదేవర కాళేశ్వరరావు. అప్పటికే ఆయనకు 75 నిండాయి. ఈ రోజుల్లో ఆ వయసు పెద్దాయన ఏదైనా పని నెత్తికెత్తుకుంటే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. "మీకెందుకండీ ఇవన్నీ" అని పడక్కుర్చీ చూపిస్తారు. ఆయనకు దొరికిందీ కుర్చీయే గానీ, అందులో కునుకు తీయడం కుదరదు.

ఆయన యౌవనం గురించి చెప్పేవాళ్లు ఉన్నారు. 1881లో నందిగామలో పుట్టి, బెజవాడలో ప్లీడరై, గాంధీ పిలుపుతో ప్రాక్టీసు వదిలేసి జైలుకెళ్లారు. ఊరికి మునిసిపల్ చైర్మన్ అయ్యారు. కొమర్రాజు లక్ష్మణరావు 1906లో మొదలుపెట్టిన విజ్ఞాన చంద్రికా మండలిలో పనిచేశారు, ఫ్రెంచి విప్లవ చరిత్రను తెలుగులో రాశారు. ఇంత చేసినవాడు అరవై దాటాక మనవల్ని ఆడిస్తూ కూర్చున్నా ఎవరూ తప్పుపట్టరు.

కూర్చోలేదు. డెబ్బైకి దగ్గరపడుతుండగా విశాలాంధ్ర మహాసభకు అధ్యక్షుడయ్యారు. తెలుగువాళ్లంతా ఒక రాష్ట్రంగా ఉండాలన్న ఆ వాదం మంచిచెడ్డల మీద ఇప్పటికీ తగవు ఉంది, 2014లో రాష్ట్రం విడిపోయాక మరీను. ఆయన వైపు నిలబడాలో లేదో ఎవరిష్టం వారిది. ఆ వయసులో ఒక వాదాన్ని భుజాన వేసుకోవడం మాత్రం చిన్న విషయం కాదు. 1959లో, 78 ఏళ్లప్పుడు, స్వీయచరిత్ర అచ్చయింది. పేరు 'నా జీవిత కథ – నవ్యాంధ్రము'. 1962 ఫిబ్రవరి 26న, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికీ ఆయన స్పీకరే.

సరిగ్గా ఆ రోజుల్లోనే బెజవాడకే చెందిన మరో పెద్దమనిషి నడుస్తున్నారు. పటమట నాస్తిక కేంద్రం గోరా, అరవైకి చేరువలో, పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలంటూ 1961-62లో సేవాగ్రాం నుంచి ఢిల్లీకి కాలినడకన వెళ్లారు. ఒకాయన చట్టసభను నడిపిస్తుంటే, ఇంకొకాయన ఆ సభలు నడిచే తీరునే నిలదీస్తున్నారు. 1975 జులై 26న గోరా ఒక సభలో మాట్లాడుతూనే కుప్పకూలి పోయారు. ఆయన రిటైరైన రోజూ అదే అనుకోవాలి.

ఇప్పుడు బెజవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు పేరు పలకని పూట ఉండదు. పంజా సెంటర్ దగ్గర ఆటోవాలా "మార్కెట్, కాళేశ్వరరావు మార్కెట్" అని కేకేస్తాడు. ముఠా కూలీలు నెత్తిన బస్తాలతో "జరగండి, జరగండి" అంటూ తోసుకొస్తారు. టమాటా బుట్ట ముందు బేరం ఆడే ఇల్లాలికి తెలిసిన కాళేశ్వరరావు ఆ కట్టడమే. ఆమెను అనడానికేం లేదు. చెప్పాల్సింది పేరు పెట్టినవాళ్లు. మనకు పేరు పెట్టడం, జయంతికి దండ వేయడం బాగా వచ్చు. మనిషి ఏం చేశాడో చెప్పడం దగ్గరే బద్ధకం.

జనవరి 22 ఆయన పుట్టినరోజు. ఆ రోజు వన్ టౌన్ హైస్కూళ్లలో పదో తరగతి పిల్లల చేత ఆ స్వీయచరిత్రలో పది పేజీలు చదివించవచ్చు. పుస్తకం దొరకడం కష్టమంటే కార్పొరేషనే మళ్లీ అచ్చు వేయించాలి. ఒక నాయకుడి పుట్టినరోజుకు కాళేశ్వరరావు మార్కెట్ నుంచి చిట్టినగర్ దాకా కట్టే ఫ్లెక్సీల కంటే అదేం ఖరీదు కాదు.