తలుపు మార్చక్కర్లేదు.. ముందు బందు చూడండి!

బాల్కనీ తలుపు వేయాలంటే రెండు చేతులతో పైకెత్తి తోస్తున్నారా? గడియ పడాలంటే భుజంతో ఓ నెట్టు నెట్టాల్సి వస్తోందా? తీసినప్పుడల్లా కింద టైల్ మీద వంపుగా గీత పడుతోందా? చాలామంది వీటికి అలవాటు పడిపోతారు. ‘మా తలుపు అంతే, కాస్త ఎత్తి వేయాలి’ అని ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా నేర్పేస్తారు. ఇంకొందరు ఎవరినైనా పిలిస్తే, ఆయన వచ్చి అటూ ఇటూ ఊపి చూసి ‘తలుపే మార్చాలి సార్’ అనేస్తాడు. సొంతిల్లయితే వేలల్లో ఖర్చు. అద్దె ఇల్లయితే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లో కోత. నిజానికి చాలాసార్లు చెడిపోయింది తలుపు కాదు, దాన్ని మోసే బందు.

హింజ్ అనండి, మడతబందు అనండి, కీలు అనండి. హైదరాబాద్ హార్డ్‌వేర్ షాపుల్లో ‘కబ్జా’ అన్నా టక్కున తీసిస్తారు (ఇది భూమి కబ్జా కాదు, కంగారు పడకండి!). ఫ్లాట్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించే యూపీవీసీ అద్దాల తలుపుల సంగతి ఈ వారం చూద్దాం. చెక్క తలుపులకి పనికొచ్చేవి కూడా మధ్యమధ్యలో చెప్పుకుందాం.

ఎంత బరువు మోస్తోందో తెలుసా?

అద్దం బరువు లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు అద్దం, ఒక్కో మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మీ తలుపులో 6 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు, 5 మి.మీ. మందం ఉన్న అద్దం ఉందనుకోండి. దాని బరువే దాదాపు 14 కిలోలు. దుమ్ము, రొద రాకుండా డబుల్ గ్లాస్ వేయించుకుంటే 28 కిలోలు. ఫ్రేమ్, లోపలి స్టీలు కలుపుకుంటే 40 కిలోల దాకా పోవచ్చు.

ఈ బరువు కిందికి మాత్రమే లాగదు. తలుపు ఒక వైపే వేలాడుతుంది కాబట్టి పైబందుని గోడలోంచి బయటికి లాగుతుంది, కిందిబందుని లోపలికి నొక్కుతుంది. 80 సెంటీమీటర్ల వెడల్పు, 40 కిలోల బరువున్న తలుపుకి పైబందు, కిందిబందు మధ్య 160 సెంటీమీటర్ల దూరం ఉంటే, పైబందు మీద పడే లాగుడు సుమారు 10 కిలోలు. అదే తలుపు హ్యాండిల్ పట్టుకుని 20 కిలోల పిల్లాడు ఊగాడనుకోండి, ఇంకో 9, 10 కిలోలు తోడవుతాయి. అంటే పైబందుకి లాగుడు దాదాపు రెట్టింపు. తడి బట్టల బకెట్టు హ్యాండిల్‌కి తగిలించడం, ల్యాప్‌టాప్ బ్యాగు వేలాడదీయడం కూడా ఈ కోవలోవే. అందుకే ముందుగా వదులయ్యేది ఎప్పుడూ పైబందే. మూడో బందు వేయించేటప్పుడు సరిగ్గా మధ్యలో కాకుండా పైబందుకి దగ్గరగా వేయమనడానికి కారణం కూడా ఇదే.

ఎప్పుడు పట్టేస్తోంది?

స్క్రూడ్రైవర్ తీసే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. తలుపు రోజంతా పట్టేస్తోందా, లేక ఏదో ఒక వేళలోనేనా?

ఎండాకాలం మధ్యాహ్నం మాత్రమే పట్టేసి, రాత్రికి మామూలుగా పడుతుంటే అది వేడి పని. యూపీవీసీ వేడికి బాగా సాగుతుంది. 2 మీటర్ల ముక్క 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 మి.మీ. సాగగలదు. లోపలి స్టీలు దాన్ని కొంత ఆపుతుంది కానీ పూర్తిగా కాదు. పడమటి ఎండ తగిలే తలుపుల్లో, ముదురు రంగు తలుపుల్లో ఇది ఎక్కువ. దీనికి బందు మార్చక్కర్లేదు, సందు కాస్త సర్దితే చాలు.

చెక్క తలుపు వానాకాలంలో మాత్రమే బిగుసుకుంటే అది తేమ పని. వెంటనే చిత్రిక పట్టించేయకండి. వానల్లో గీయించిన తలుపు ఎండాకాలానికి ఆరి, కుంచించుకుపోయి, బల్లి దూరేంత సందు ఇస్తుంది. వానలు వెనకబట్టాక మళ్లీ చూసి నిర్ణయించండి.

ఏ కాలంలోనైనా, ఏ వేళలోనైనా అదే చోట రాసుకుంటుంటే మాత్రం అనుమానం బందు మీదికే వెళ్లాలి.

ఎత్తి చూస్తే తెలిసిపోతుంది

తలుపు సగం తెరవండి. హ్యాండిల్ పట్టుకుని మెల్లగా పైకెత్తండి. ఇంట్లో ఇంకొకరుంటే ఫోన్‌లో పైబందుని వీడియో తీయమనండి. ఒక్కరే ఉంటే ఫోన్‌ని ఎక్కడైనా ఆనించి పెట్టుకోండి. వీడియోని జూమ్ చేసి చూస్తే మూడింట్లో ఒకటి కనిపిస్తుంది.

ఒకటి: బందు రేకు మొత్తం ఫ్రేమ్ మీద నుంచి కదులుతోంది. అంటే స్క్రూలు వదులయ్యాయి. ఇది చిన్న పని.

రెండు: రేకులు కదలట్లేదు, మధ్యలో గొట్టంలాంటి భాగం టకటకమంటోంది. అంటే లోపలి పిన్ను గానీ, దాని చుట్టూ ఉండే నైలాన్ బుష్ గానీ అరిగింది. బందు మార్చాల్సిందే.

మూడు: బందు బండలా ఉంది, తలుపు మాత్రం ఒక మూలకి వాలుతోంది. అంటే తేడా అద్దం దగ్గర. అద్దం చుట్టూ ప్లాస్టిక్ ముక్కలు పెడతారు. వీటిని ప్యాకర్లు అంటారు. కింద బందు వైపు మూలలో, పైన హ్యాండిల్ వైపు మూలలో పెడితే అద్దం బరువు ఐమూలగా బందు వైపుకి వెళ్తుంది. అవి జారిపోతే తలుపు హ్యాండిల్ వైపు కిందికి వాలుతుంది. దీన్ని మాత్రం మీరు ముట్టుకోవద్దు. అద్దం పట్టీలు ఊడదీయాలి, కాబట్టి తలుపులు చేసేవాళ్లనే పిలవండి. కానీ పిలిచేటప్పుడు ‘తలుపు పాడైంది’ అనకండి, ‘అద్దం ప్యాకింగ్ సరిచేయాలి’ అనండి. విషయం తెలిసిన మనిషితో బేరం వేరేలా నడుస్తుంది.

బిగించడం, సర్దడం

స్క్రూలు వదులైతే చేత్తోనే బిగించండి. డ్రిల్ మెషిన్ చివరి చుట్టులో అతిగా తిప్పేసి మర చెడగొడుతుంది. చెక్క తలుపులో బెజ్జం పెద్దదైపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంటే, ఫెవికాల్ పూసిన అగ్గిపుల్లలో టూత్‌పిక్‌లో బెజ్జంలోకి గట్టిగా దూర్చండి. మందు తల తీసేసిన పుల్లలే వాడాలి సుమా. ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి వచ్చిన ముక్కలు కోసేసి, స్క్రూ బిగించండి.

యూపీవీసీకి ఈ కిటుకు పనిచేయదు. అక్కడ స్క్రూ పట్టు ప్లాస్టిక్‌లో కాదు, లోపలున్న స్టీలులో ఉంటుంది. పాతది పట్టు వదిలేస్తే, స్టీలు దాకా వెళ్లే పొడవైన స్క్రూ వేయాలి.

స్క్రూలు గట్టిగానే ఉండి తలుపు కిందికి దిగిందా? బందు మీది ప్లాస్టిక్ మూత తీసి చూడండి. చాలా యూపీవీసీ బందులకి ఆరు పలకల బెజ్జాలుంటాయి. అవి అలెన్ కీతో తిప్పడానికే. పైకీ కిందికీ, పక్కలకీ, కొన్నిట్లో రబ్బరు మీద నొక్కుడు ఎక్కువ తక్కువలకీ వేరు వేరు స్క్రూలుంటాయి. తిప్పే ముందు ప్రతి స్క్రూ ఎలా ఉందో ఫోటో తీసుకోండి. హ్యాండిల్ వైపు కింద రాసుకుంటుంటే, ముందు పైబందు దగ్గర తలుపుని గోడ వైపుకి లాగాలి. ఒక్కసారికి అర చుట్టు కంటే ఎక్కువ వద్దు. తిప్పండి, తలుపు వేసి చూడండి, మళ్లీ తిప్పండి.

సందు సమానంగా ఉందో లేదో చూడ్డానికి పాత ఏటీఎం కార్డులు చాలు. ఒక్కో కార్డు మందం సుమారు 0.76 మి.మీ. నాలుగు కలిపితే 3 మి.మీ. బందు వైపు పైనుంచి కింది దాకా అదే కట్ట ఒకేలా దూరుతోందా చూడండి. రబ్బరు నొక్కుడు చూడాలంటే కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి. ఊరికే జారి వచ్చేస్తే ఆ చోట వాన నీళ్లూ దారి చేసుకుంటాయి.

మార్చాల్సి వస్తే

షాపుకి వెళ్లి ‘బాల్కనీ డోర్ హింజ్ ఇవ్వండి’ అంటే రకరకాలవి ముందు పోస్తారు. పాత బందు పక్కన స్కేలు పెట్టి ముందు నుంచీ పక్క నుంచీ ఫోటో తీసుకోండి. బందు ఎత్తు, రేకుల వెడల్పు, స్క్రూ బెజ్జాల మధ్య దూరం, తలుపు మూసినప్పుడు రెక్క ఫ్రేమ్ మీదికి ఎంత ఎత్తులో ఉందో రాసుకోండి. బందు మీద పేరు, నంబరు చెక్కి ఉంటే అదీ. తలుపు ఎడమ వైపుదా, కుడి వైపుదా కూడా చెప్పాలి. కొన్ని బందులు రెండో వైపుకి పనికిరావు. బెజ్జాలు కలిసే బందు దొరికితే సగం పని అయిపోయినట్టే.

స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 304 గ్రేడ్ అడగండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలి నేరుగా తగిలే బాల్కనీలకి 316 గ్రేడ్ ఇంకా మేలు, ఉప్పుకి తట్టుకుంటుంది. స్క్రూలు కూడా అదే రకం కొనండి. మంచి బందుకి ఇనుప స్క్రూలు వేస్తే ముందు తుప్పు పట్టేది అవే.

మార్చేటప్పుడు ఒక్కటే సూత్రం: ఒకసారికి ఒక్క బందే. తలుపు కింద చెక్క ముక్కలు దూర్చి బరువు దాని మీద ఆననివ్వండి. ఒక మనిషి తలుపు పట్టుకోవాలి, ఇంకొకరు పని చేయాలి. ఒకటి విప్పి, కొత్తది పూర్తిగా బిగించాకే రెండోదాని జోలికి వెళ్లాలి. అన్నీ ఒకేసారి విప్పితే 40 కిలోల అద్దం మీ చేతుల్లో ఉంటుంది. తోడు లేకపోతే, తలుపు మరీ పెద్దదైతే, అద్దంలో పగులుంటే మీరు చేయొద్దు. మనిషికి ఇచ్చే కూలి ఆస్పత్రి బిల్లు కంటే తక్కువే.

దొంగలు, చిన్న వేళ్లు

బయటికి తెరుచుకునే తలుపయితే బందు పిన్ను బయటి వైపు ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు, టెర్రస్ పక్క ఫ్లాట్ వాళ్లు బయట నిలబడి ఓసారి చూసుకోండి. పిన్ను పైకి కొట్టి తీసేలా ఉంటే లోపల వేసిన తాళానికి అర్థం లేదు. తలుపు మూసి ఉండగా పిన్ను బయటికి రాని రకం బందులు ఉంటాయి. కొత్తవి కొనేటప్పుడు అవే అడగండి.

చిన్నపిల్లలున్న ఇల్లయితే ఇంకో లెక్క. హ్యాండిల్ దగ్గర మీరు ఒక కిలో బలంతో తోస్తే, బందుకి 2 సెంటీమీటర్ల దూరంలో ఇరుక్కున్న వేలి మీద అది 40 కిలోలవుతుంది. అందరూ హ్యాండిల్ వైపే జాగ్రత్త పడతారు, అసలు ప్రమాదం బందు వైపు సందులో ఉంది. ఆ సందుని కప్పే ప్లాస్టిక్ ఫింగర్ గార్డులు దొరుకుతాయి. అవి వచ్చేదాకా తలుపు వెనక ఆడనివ్వకండి.

ఇక కిర్రుమంటోందని కొబ్బరినూనె పోయకండి. రెండు రోజులు నోరు మూసుకుంటుంది కానీ, తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది. ఇనుప బందుకి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె, నైలాన్ బుష్ ఉన్నదానికి సిలికాన్ స్ప్రే. వానాకాలం ముందోసారి, తర్వాత ఓసారి స్క్రూలు బిగించి చూసుకుంటే చాలు.

ఈ ఆదివారం ఓ పది నిమిషాలు తీసుకోండి. తలుపు సగం తెరిచి, ఎత్తి, వీడియో తీయండి. ‘తలుపే మార్చాలి’ అన్న మాట ఈసారి వినిపిస్తే, ఆ వీడియో చూపించి ‘ఏ బందు, ఎందుకు?’ అని అడగండి. జవాబు చెప్పగలిగిన వాళ్లకే పని ఇవ్వండి.

వచ్చే వారం: రాత్రంతా టప్ టప్ మనే కుళాయి సంగతి!