మంచుకు మసి పట్టింది!

బెంగళూరు: ఎర్రటి ఎండలో నల్లచొక్కా వేసుకుంటే ఒళ్లు చురుక్కుమంటుంది. హిమాలయాల్లో హిమానీనదాలకూ ఇదే తిప్పలు. కొత్తగా కురిసిన మంచు తనపై పడిన ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది. కట్టెలపొయ్యిలు, డీజిల్‌ బండ్లు, ఇటుకబట్టీలు, అడవి మంటల మసి దానిపై వాలితే తెలుపు మాస్తుంది, వేడి పీల్చుకుని త్వరగా కరుగుతుంది. కరిగేకొద్దీ లోపలి మసి పైకి తేలి ఇంకా నల్లబడుతుంది.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు హిమాచల్‌ప్రదేశ్‌లోని బస్పా లోయను పరిశీలించారు. 2009 వేసవిలో అక్కడి మంచు తెలుపు బాగా తగ్గిందని, మసే ఇందుకు కారణం కావచ్చని 2013లో వెల్లడించారు.

కావేరి నీళ్లు తాగే మనకేంటి అనుకోవచ్చు. కావేరికి వానలే దిక్కు, నిజమే. కానీ సింధు, గంగా మైదానాల పంటకు మంచునీరూ ఓ ఆసరా. అక్కడ గోధుమ దిగుబడి తగ్గితే ఇక్కడి కిరాణా కొట్లో ధర మండుతుంది.

భూతాపం ఎలాగూ ఉంది, మసి ఒక్కటి తగ్గితే ఏం లాభం అనొద్దు. బొగ్గుపులుసు వాయువు గాలిలో వందల ఏళ్లు తిష్ఠ వేస్తుంది. మసి మాత్రం రోజుల్లో, మహా అయితే రెండు మూడు వారాల్లో నేలకు దిగిపోతుంది. పొగ ఈ ఏడాది ఆపితే ఫలితమూ త్వరగానే కనిపిస్తుంది. చేతిలో ఉన్న పని ఇదే.