యాభై ఎనిమిదో ఏట ఆంధ్ర జట్టులో

ఆదివారం పొద్దున విజయవాడ భవానీపురంలో కాస్త ఖాళీ స్థలం ఉంటే చాలు, నాలుగు ఆటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి సాగుతుంటాయి. ఒక జట్టు కొట్టిన టెన్నిస్ బంతి ఇంకో జట్టు వికెట్ల మధ్యకు దొర్లుతుంది. ఎవరో ఒకరు తీసి విసిరేస్తారు. అక్కడి కుర్రాళ్లకు అంబటి రాయుడు తెలుసు, హనుమ విహారి తెలుసు, నితీశ్ కుమార్ రెడ్డి మరీ బాగా తెలుసు. సి.కె. నాయుడు ఎవరని అడిగితే, అదేదో ట్రోఫీ పేరు కదండీ అన్నాడు వాళ్లలో ఒకడు. తప్పు వాడిది కాదు. చెప్పవలసిన వాళ్లం మనం చెప్పలేదు.

కొఠారి కనకయ్య నాయుడు గారి పూర్వీకులది బందరు. ఆయన పుట్టింది మాత్రం నాగపూర్‌లో, 1895 అక్టోబర్ 31న. నాగపూర్ అప్పట్లో క్రికెట్‌కు పెద్ద ఊరేమీ కాదు. ఆట అంటే బొంబాయి, పూనా. డబ్బూ హోదా ఉన్నవాళ్ల జింఖానాలు. ఆ బయటి ఊరి కుర్రాడు 1916లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద దిగి, మొదటి పరుగులే సిక్సరుతో మొదలుపెట్టాడు. ఆయన బ్యాటుకు పెద్దవాళ్లన్న జంకు లేదు. ఆ గుణం చివరిదాకా పోలేదు.

1926 డిసెంబర్‌లో బొంబాయి జింఖానా మైదానంలో గిలిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టు మీద రెండు గంటలు కూడా పట్టకుండా 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. పాలించే దేశపు బౌలర్ల బంతులు జనంలో వచ్చి పడుతుంటే చూసిన ఆనాటి ప్రేక్షకులకు అది ఒట్టి ఆట అయి ఉండదని నా నమ్మకం. ఆరేళ్ల తర్వాత, 1932 జూన్ 25న, లార్డ్స్‌లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకుడు ఆయనే. నిజానికి ఆ పర్యటనకు కెప్టెన్‌గా వెళ్లింది పోర్‌బందర్ మహారాజు. టెస్టు వేళకు ఆయన తప్పుకున్నారు. చేతికి దెబ్బ తగిలినా నాయుడు మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. జట్టులో అదే ఎక్కువ. ఆ వేసవి మొత్తం మీద 1618 పరుగులు, 65 వికెట్లు. మరుసటి ఏడు విజ్డెన్ ఎంచిన అయిదుగురు ఆటగాళ్లలో ఆయన పేరుంది.

1936లో పగ్గాలు విజయనగరం మహారాజకుమారుడి చేతికి వెళ్లాయి. మూడు టెస్టుల్లో ఆ నాయకుడు చేసినవి 33 పరుగులు. నాయుడు ఓవల్‌లో ఒంటికి బంతి బలంగా తగిలినా క్రీజు వదలకుండా 81 చేశారు. అదే ఆయన ఆఖరి టెస్టు. రాజుగారికీ ఆటగాడికీ మధ్య తేడా చెప్పడానికి ఇంతకంటే వేరే లెక్క అక్కర్లేదు.

ఆ తర్వాతి కాలమంతా ఇండోర్‌ది. అక్కడి హోల్కర్ జట్టును నాలుగుసార్లు రంజీ విజేతగా నిలిపారు. 1951-52 ఫైనల్లో ఫడ్కర్ బంతి మూతికి తగిలి పళ్లు రాలితే, వాటిని పక్కకు తోసేసి ఆడారంటారు. అప్పటికి ఆయన వయసు యాభై ఆరు.

నన్ను ఎక్కువగా ఆపేది మాత్రం ఆ తర్వాత వచ్చిన ఓ చిన్న వివరం. 1953 అక్టోబర్ ఒకటిన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే ఆంధ్ర క్రికెట్ సంఘమూ పుట్టింది. 1953-54లో ఆంధ్ర మొదటిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు ఆ జట్టులో నాయుడు గారు ఉన్నారు. యాభై ఎనిమిదేళ్లు. ఎనిమిది ఫైనళ్లు చూసిన హోల్కర్ ఎక్కడ, నిన్నగాక మొన్న కళ్లు తెరిచిన ఆంధ్ర ఎక్కడ! ఆయనకు కొత్తగా రావలసిన పేరేమీ మిగల్లేదు. పక్కన నిలబడిన కుర్రాళ్లకు మాత్రం, లార్డ్స్‌లో టాస్‌కు వెళ్లిన మనిషి తమతో కలిసి ఫీల్డింగ్ చేయడం ఎంత ధైర్యమో! మూలాలు బందరువి కాబట్టి ఆయన మనవాడని చెప్పుకోవడం నాకంత ఇష్టం ఉండదు. తాతల ఊరు ఎవరికైనా ఉంటుంది. ఆ మొదటి ఏడు వచ్చి మన జట్టులో ఆడినందుకు మనవాడు.

ఇవాళ బందరు రోడ్డు పక్కన ఇందిరాగాంధీ స్టేడియం ఉంది. 2002 నవంబర్ 24న అక్కడ భారత్, వెస్టిండీస్ ఆడాయి. భవానీపురం దాటి హైదరాబాదు రోడ్డు మీద వెళ్తే మూలపాడు. 2016లో అక్కడ భారత, వెస్టిండీస్ మహిళల జట్లు ఆడాయి. మైదానాలు వచ్చాయి. వాటికి ముందు నడిచినవాళ్ల కథలు రాలేదు. కవుల ఉత్తరాలు వెతికి అచ్చువేసే మనం ఆటగాళ్ల జ్ఞాపకాలను సాహిత్యానికి అవతల పెట్టాం. ఈ పత్రిక కూడా ఇన్నేళ్లూ అదే చేసింది.

అందుకే పాఠకులను అడుగుతున్నాం. 1953-54 ఆంధ్ర జట్టులో ఆడినవాళ్లు, ఆ ఆటలు గట్టు మీద కూర్చుని చూసినవాళ్లు మీ ఇళ్లలో ఉండి ఉంటారు. వాళ్లు చెప్పిన మాటలు గుర్తున్నంత వరకు రాసి పంపండి. పాత ఫొటో ఉంటే వెనకవైపు కూడా చూడండి. నిలబడిన వరుస, కూర్చున్న వరుస అని పెన్సిలుతో పేర్లు రాసి ఉంటే, ఆ వైపు కూడా ఫొటో తీసి పంపండి.