నలభై దాటని ప్రయాణం

మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. ‘‘ఏవండీ, ముల్లు నలభై దాటిందో, నేను దిగి బస్సెక్కేస్తా.’’ ముప్ఫై ఏళ్ళుగా నేను కారు నడిపే తీరు చూసిన మనిషి. కిటికీలోంచి చూస్తే ఊళ్ళు కాదు, గీతలు కనపడతాయంటుంది. సరే, ఈ సంక్రాంతి ముందు నాలుగు రోజులు సెలవు పెట్టి విశాఖ నుంచి బారువ దాకా సముద్రం పక్కనే పోదామనుకున్నాం. జాతీయ రహదారి మీదైతే నాలుగు గంటల దారి. మేం నాలుగు రోజులు తీసుకున్నాం.

మొదటిరోజు భీమిలి దాకానే. అంటే 30 కిలోమీటర్లు! నవ్వకండి. దారిలో తొట్లకొండ ఎక్కాలి కదా. నౌకాదళం వాళ్ళు స్థలం కోసం సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం అది. కొండ రాతిలో తొలిచిన నీటి తొట్లే దానికి పేరయ్యాయి. భిక్షువుల గదుల పునాదుల మధ్య నిలబడి కిందికి చూస్తే సముద్రం మొత్తం మనదే. ఓడలు వచ్చేదీ పోయేదీ కనపడే చోటు చూసుకుని మరీ కట్టారు. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళు గాలీ నీరూ కలిసి చేసిన పని. మన జేసీబీకి ఒక పూట చాలు. అక్కడ తవ్వకాల వార్తలు మీరూ చదివే ఉంటారు.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధుల దగ్గర నాకు మా బందరు గుర్తొచ్చింది. మాకు వలందపాలెం ఉంది. వలందులంటే డచ్చివాళ్ళే. ఫరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. చిన్నప్పుడు అవన్నీ ఉత్త పేర్లే. ఇక్కడ రాళ్ళ మీద చెరిగిపోతున్న అక్షరాలు తడుముతుంటే, ఎక్కడో పుట్టి మిరియాలకో బట్టలకో ఇంతదూరం వచ్చి జ్వరంతో పోయిన కుర్రాళ్ళు గదా వీళ్ళంతా అనిపించింది. 1825లో ఈ ఊరు డచ్చివాళ్ళ చేతిలోంచి ఇంగ్లీషువాళ్ళకి వెళ్ళింది. ఊరికేం పట్టలేదు. గోస్తని అలాగే వచ్చి సముద్రంలో కలుస్తోంది.

భీమిలి దాటాక రోడ్డు సముద్రాన్ని అంటిపెట్టుకుని ఉండదు. భోగాపురం వైపు లోపలికి తిరగడం, మళ్ళీ ఎవర్నో అడిగి తీరానికి రావడం. ఫోనులో మ్యాపు నమ్మకండి, టీకొట్టు నమ్మండి. రెండోరోజంతా ఇలా అడుక్కుంటూ శ్రీకాకుళం చేరాం. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, శాసనాలు చెక్కిన స్తంభాలు, తాబేళ్ళు చూసి మూడోరోజు మధ్యాహ్నానికి కళింగపట్నం.

ఇక్కడే నా తెలివి బయటపడింది. లైట్‌హౌసు చూశాం, వంశధార కలిసే చోటు చూద్దామని కారుని నేరుగా ఇసకలోకి దింపాను. పదిగజాలు పోయింది. ఆగింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుంది. (మీకెప్పుడైనా ఇలా జరిగితే తొక్కడం ఆపెయ్యండి. టైర్లలో కాస్త గాలి తీసి, చక్రాల ముందు ఇసక తోడేసి, గోనెసంచులు పరిచి మెల్లగా కదపాలి. అప్పుడు నాకిది తెలీదు.)

వలలు బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచొచ్చాడు. ‘‘ఏటి బావూ, ఇసక మీద కారెందుకు దింపినారు? మా పడవలే నలుగురైదుగురు పడితేగానీ కదలవు.’’ నలుగురైదుగుర్ని కేకేశాడు. వచ్చినవాళ్ళంతా అరవై దగ్గర పడ్డవాళ్ళే, ఇద్దరు ఆడవాళ్ళు. కారు బయటపడ్డాక మా ఆవిడ అడిగింది, ‘‘కుర్రాళ్ళెవరూ లేరేం బాబాయ్?’’ అని.

‘‘అందరూ వేరావల్ ఎల్లిపోనారమ్మా. మావోడూ అక్కడే. ఏసంగి ఎండలకి వస్తాడు.’’

వేరావల్ అంటే గుజరాత్. ఇక్కడ కళ్ళెదురుగా సముద్రం ఉంది, బోటు కట్టుకోవడానికి సరైన జెట్టీ లేదు. అలల్లోంచి చిన్న తెప్పలు నెట్టుకుంటూ పోవాలి. అందుకే ఎనిమిది నెలలు పడమటి సముద్రంలో పరాయి బోట్ల మీద వేట. 2018 చివర్లో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర వాళ్ళే పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. ‘తండేల్’ సినిమా వాళ్ళ కథే. నేను హైదరాబాద్‌లో ఏసీ హాల్లో చూసి, పాటలు బావున్నాయనుకుని వచ్చేశాను. ఒకప్పుడు ఓడలు వచ్చి ఆగిన రేవు ఇది. ఇప్పుడు ఇక్కణ్ణుంచి ఎగుమతయ్యేది మనుషులు. మూలపేట దగ్గర కొత్త పోర్టు కడుతున్నారన్నాను. ‘‘ఓడలకి బావూ, మాకు కాదు’’ అన్నాడు పెద్దాయన. దానికి నా దగ్గర జవాబు లేదు.

డబ్బిస్తే తీసుకోలేదు. పైగా మాకే ఒక పొట్లం ఇచ్చాడు. ఎండు నెత్తళ్ళు.

సాయంత్రం శాలిహుండం కొండ ఎక్కాం. 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులుగారు. మనం ఇలా మాట్లాడుకున్నట్టే రాసుకోగలుగుతున్నామంటే ఆయన పడ్డ పాట్లవల్లే. ఇటుకల స్తూపాల పక్కన కూర్చుంటే వంశధార బంగారంలా మెరిసింది. ఎవరూ లేరు. చాలాసేపు మేమూ మాట్లాడుకోలేదు. మా ఇంట్లో అది వింతే.

నాలుగోరోజు బారువ. ఉద్దానం కొబ్బరితోటల మధ్యనుంచి దారి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటల్ని పడుకోబెట్టింది. కొత్త మొక్కలు నా ఎత్తు దాటాయి, మధ్యమధ్య తల లేని పాత మోళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోట కాళ్ళు తడుపుకుని, ఈసారి కారు రోడ్డు మీదే వదిలి, వెనక్కి తిరిగాం.

వచ్చేటప్పుడు హైవే. ముల్లు తొంభై మీద ఉన్నా మా ఆవిడ ఏమీ అనలేదు, నిద్రపోయింది. ఇంటికొచ్చాక కారు కడిగే అబ్బాయి డిక్కీ తెరిచి మొహం చిట్లించాడు. ‘‘ఇదేం వాసన సార్, సెంటు కొట్టమంటారా?’’ అన్నాడు.

‘‘వద్దులే, ఉండనీ’’ అంది మా ఆవిడ లోపల్నుంచి.